అర్రేని ఆబ్జెక్ట్‌కి రిఫరెన్స్‌గా ఇవ్వకండి

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో ఉన్న పాత కోడ్ చదవడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. అలా చదువుతూ ఒక రకమైన కోడ్ దగ్గర తప్పకుండా ఆగుతాను. ఒక క్లాస్ ఉంటుంది, అంటే డేటానీ దాని మీద పనిచేసే ఫంక్షన్లనీ (మెథడ్‌లు) కలిపిన ఆబ్జెక్టులని తయారు చేసే అచ్చు. దాని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) ఒక అర్రేని, అంటే విలువల వరసని, తీసుకుంటుంది, ఆ పారామీటర్ (తీసుకునే విలువకి పెట్టిన పేరు) ముందు & గుర్తు ఉంటుంది. లోపల మొదటి లైన్‌లోనే ఆ అర్రేని మళ్లీ & పెట్టి ఆబ్జెక్ట్ ప్రాపర్టీకి, అంటే ఆబ్జెక్ట్ లోపలి వేరియబుల్‌కి, కట్టేసి ఉంటారు. ఆ గుర్తుకి అర్థం రిఫరెన్స్: విలువని విడిగా ఇవ్వకుండా, ఒకే విలువకి రెండు పేర్లు పెట్టడం. రివ్యూలో నేను ఆ రెండు గుర్తులనూ తీసేయమని అడుగుతాను. దాదాపు ప్రతిసారీ వాదన జరుగుతుంది. ఎందుకు తీసేయమంటున్నానో ఒకసారి తీరిగ్గా, కారణాలతో సహా రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నా మాట ఇది: ఒక ఫంక్షన్‌కి అర్రేని రిఫరెన్స్‌గా ఇవ్వడంలో పెద్ద ప్రమాదం లేదు. ఒక ఆబ్జెక్ట్‌కి రిఫరెన్స్‌గా ఇచ్చి, అది దాన్ని లోపల దాచుకునేలా చేయడం మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పే. సింటాక్స్ చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ఎంతసేపు అన్నదాంట్లో ఉంది.

ముందు స్పీడ్ సంగతి తేల్చుకుందాం. & ఎందుకు పెట్టారని అడిగితే మొదట వచ్చే జవాబు అదే. "లక్ష వరుసలున్న అర్రే అండీ, & లేకపోతే మొత్తం కాపీ అవుతుంది కదా" అంటారు. అవదు. పీహెచ్‌పీలో అర్రే విలువగానే చేతులు మారుతుంది, నిజమే. కానీ చేతులు మారే క్షణంలో లోపలి డేటా ఏదీ కదలదు. 64 బిట్ మెషిన్ మీద ఒక వేరియబుల్‌కి పట్టే చోటు 16 బైట్లు. అందులో ఉండేది అసలు అర్రే ఎక్కడుందో చెప్పే పాయింటర్ మాత్రమే. తనను ఎందరు పట్టుకుని ఉన్నారో ఆ అర్రే ఒక లెక్క ఉంచుకుంటుంది. మీరు దాన్ని కన్‌స్ట్రక్టర్‌కి ఇస్తే ఆ లెక్క పెరుగుతుంది, అంతే. ఎవరైనా అందులో రాయబోయినప్పుడు, ఆ లెక్క ఒకటి కంటే ఎక్కువ ఉంటేనే కాపీ జరుగుతుంది. కాపీ ఆన్ రైట్ (రాసేటప్పుడు కాపీ) అనేది దీన్నే. అప్పుడు కూడా కాపీ అయ్యేది పై పొర మాత్రమే. లక్ష వరుసల్లో ఒక వరుసని మారిస్తే బయటి అర్రే, ఆ ఒక్క వరుస కాపీ అవుతాయి. మిగతా వరుసలన్నీ పాత చోటే ఉంటాయి, వాటిని ఇద్దరూ వాడుకుంటారు.

అంటే చదవడానికి మాత్రమే అర్రేని తీసుకునే ఆబ్జెక్ట్‌కి & వల్ల వచ్చే లాభం సున్నా. పీహెచ్‌పీ 5 రోజుల్లో నష్టం కూడా ఉండేది. అప్పట్లో ఇంజిన్ లోపల ఒక విలువకి రిఫరెన్స్ అనే ముద్ర పడితే, ఆ ముద్ర ఆ విలువ మీదే ఉండేది. అలాంటి అర్రేని విలువగా తీసుకునే మామూలు ఫంక్షన్‌కి, ఉదాహరణకి ఎన్ని ఎలిమెంట్లు ఉన్నాయో చెప్పే కౌంట్ ఫంక్షన్‌కి ఇస్తే, ఇంజిన్ అర్రే మొత్తాన్నీ కాపీ చేసి ఇచ్చేది. లూప్ లోపల కౌంట్ పిలిస్తే తిరిగిన ప్రతిసారీ ఒక పూర్తి కాపీ. వేగం కోసం పెట్టిన గుర్తే పేజీని నెమ్మది చేసేది. 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7లో రిఫరెన్స్‌ని విడిగా ఒక పొరగా మార్చడంతో ఈ బాధ పోయింది. ఆ నష్టం పోయినంత మాత్రాన కొత్త లాభమేమీ రాలేదు.

మరి ఈ నమ్మకం ఇంత గట్టిగా ఎలా పాతుకుంది? దానికో చరిత్ర ఉంది. 2000లో వచ్చిన పీహెచ్‌పీ 4లో ఆబ్జెక్టులు కూడా విలువలే. ఒక ఆబ్జెక్ట్‌ని ఇంకో వేరియబుల్‌లో పెడితే రెండు వేర్వేరు ఆబ్జెక్టులు తయారయ్యేవి. డేటాబేస్ కనెక్షన్ ఉన్న ఆబ్జెక్ట్ ఇలా రెండుగా చీలిపోతే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఆ రోజుల్లో రాసేవాళ్లు కొత్త ఆబ్జెక్ట్ తయారు చేసే చోట కూడా & పెట్టేవారు, పెట్టాల్సి వచ్చేది. 2004 జులైలో పీహెచ్‌పీ 5 వచ్చి ఆబ్జెక్టులకి హ్యాండిల్ పద్ధతి తెచ్చింది, అంటే వేరియబుల్‌లో ఆబ్జెక్ట్ కాకుండా దాన్ని చేరుకునే గుర్తు మాత్రమే ఉంటుంది. ఆ అవసరం అక్కడితో తీరిపోయింది. తర్వాత భాష ఆ అలవాటుని ఒక్కో మెట్టూ వదిలించుకుంటూ వచ్చింది. కొత్త ఆబ్జెక్ట్ ముందు & పెట్టడం 5.3లో వద్దన్నారు, 7లో పూర్తిగా తీసేశారు. ఫంక్షన్‌ని పిలిచే చోట & పెట్టడం 2012లో 5.4తో ఆగిపోయింది. కానీ చేతికి పట్టిన అలవాటు వెర్షన్ మారితే పోదు. ఒకరి కోడ్ చూసి ఇంకొకరు రాసుకుంటూ పోవడంతో ఆబ్జెక్టుల దగ్గర మొదలైన & అర్రేల మీదికి పాకి, అక్కడే ఉండిపోయింది.

పిలిచే చోట & తీసేయడం గురించి ఒక మాట. ఫంక్షన్ కోరుకోని చోట బయటివాళ్లు రిఫరెన్స్ రుద్దకూడదన్న ఉద్దేశం సరైనదే. కానీ దానివల్ల పిలిచే లైన్ చదివినవాళ్లకి ఏమీ తెలియకుండా పోయింది. సీ షార్ప్ భాషలో రెఫ్ (రిఫరెన్స్) అన్న మాట డిక్లరేషన్‌లోనూ రాయాలి, పిలిచే చోటా రాయాలి. రస్ట్ భాషలోనూ అంతే, మార్చడానికి ఇస్తున్నామని పిలిచే చోటే కనబడుతుంది. పీహెచ్‌పీలో ఆ సంగతి తెలియాలంటే క్లాస్ ఫైల్ తెరవాలి. మూడు వందల ఫైళ్లున్న ప్రాజెక్ట్‌లో ప్రతి పిలుపు దగ్గరా అలా తెరిచి చూసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక అసలు విషయానికి వస్తాను. వరస పెట్టే సార్ట్ ఫంక్షన్ అర్రేని రిఫరెన్స్‌గానే తీసుకుంటుంది. అది నాకు సమ్మతమే. ఎందుకంటే ఆ లైన్ మొదలైనప్పుడు అర్రే దాని చేతికి వెళ్తుంది, లైన్ పూర్తయ్యేసరికి వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాత సార్ట్‌కీ నా అర్రేకీ సంబంధం లేదు. ఆబ్జెక్ట్ అలా కాదు. కన్‌స్ట్రక్టర్ పని అయిపోయినా ఆబ్జెక్ట్ బతికే ఉంటుంది, దాని ప్రాపర్టీ నా వేరియబుల్‌ని పట్టుకునే ఉంటుంది. రిక్వెస్ట్ (బ్రౌజర్ అడిగిన ఒక పేజీ పని) ముగిసేదాకా ఆ ఆబ్జెక్ట్ మీద ఎవరు ఏ మెథడ్ పిలిచినా నా అర్రే మారొచ్చు. నేను నా అర్రేలో ఏం రాసినా ఆ ఆబ్జెక్ట్ ప్రవర్తన మారొచ్చు. క్లాస్‌లో ప్రైవేట్ (బయటివాళ్లు ముట్టుకోకూడదు) అని రాసి ఉంటుంది, కానీ ఆ మాటకి విలువ లేదు. బయట ఉన్న మామూలు వేరియబుల్ ఒకటి నేరుగా ఆ ప్రైవేట్ ప్రాపర్టీలోకి రాయగలదు.

నేను చూసిన ఒక కోడ్ చెబుతాను. ఆర్డర్ల లిస్ట్ చూపించే పేజీ. డేటాబేస్ నుంచి వచ్చిన వరుసల అర్రే ఒకటి, దాన్ని ఫైల్‌గా ఎగుమతి చేసే ఆబ్జెక్ట్ ఒకటి. ఆ ఆబ్జెక్ట్ అర్రేని రిఫరెన్స్‌గా తీసుకుంది. ఎగుమతికి సిద్ధం చేసే మెథడ్ మొత్తాలకి కామాలు పెట్టి, తేదీలని చదవడానికి వీలుగా మార్చి, ఆ మార్పులన్నీ తన ప్రాపర్టీలోనే రాసుకుంది. ఎగుమతి ఫైల్ చక్కగా వచ్చింది. కానీ అదే పేజీ కింద మొత్తం కూడే లైన్ ఉంది. దానికి అందింది 12500 అనే సంఖ్య కాదు, "12,500" అనే స్ట్రింగ్. పీహెచ్‌పీ స్ట్రింగ్‌ని సంఖ్యగా చదివేటప్పుడు కామా దగ్గర ఆగిపోతుంది, కాబట్టి లెక్కలోకి వెళ్లింది 12. వెయ్యి లోపు మొత్తాలు మాత్రం సరిగ్గానే కూడాయి. చిన్న ఆర్డర్లతో టెస్ట్ చేసినవాళ్లకి ఏ తప్పూ కనబడలేదు. పెద్ద ఆర్డర్లున్న కస్టమర్లకే, అదీ ఎగుమతి బటన్ నొక్కిన రిక్వెస్ట్‌లోనే తేడా వచ్చేది.

దాన్ని వెతికినవాళ్లు ముందు డేటాబేస్‌ని అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీని అనుమానించారు, తర్వాత తాత్కాలికంగా దాచిన కాపీలుండే కాష్‌ని. కూడే లైన్‌ని చాలాసార్లు చదివారు, అందులో తప్పేమీ లేదు. తీగ లాగితే డొంకంతా కదలాలి, కానీ ఇక్కడ లాగడానికి తీగే కనబడదు. ఎగుమతి ఆబ్జెక్ట్‌ని తయారు చేసిన లైన్ చూస్తే మామూలుగా ఒక అర్రేని ఇచ్చినట్టే ఉంది. ఈ రకం బగ్గుల మీద నాకున్న కోపమంతా అక్కడే. తప్పు జరిగిన చోటికీ తప్పు కనబడిన చోటికీ మధ్య కోడ్‌లో చదవగలిగే దారి ఏదీ ఉండదు.

ఇంకా లోతైన చిక్కు ఒకటి ఉంది. పీహెచ్‌పీలో వేరియబుల్ పేర్లు తెలుగులో రాసినా చెల్లుతాయి, కాబట్టి ఈ నాలుగు లైన్లూ నిజంగా నడిచే కోడే:

$అసలు = [1, 2, 3];
$పట్టు = &$అసలు[0];
$నకలు = $అసలు;
$నకలు[0] = 99;

నాలుగో లైన్ తర్వాత $అసలు[0] ఎంత? 99. మూడో లైన్‌లో మనం చేసింది మామూలు కాపీ, ఎక్కడా & లేదు. అయినా నకలులో రాసింది అసలులోకి వెళ్లింది. ఒక అర్రే లోపలి ఎలిమెంట్‌కి ఎవరైనా రిఫరెన్స్ కట్టి ఉంచితే, అర్రేని కాపీ చేసినా ఆ ఎలిమెంట్ మాత్రం పంచుకునే ఉండిపోతుంది. ఇప్పుడు రెండో లైన్ తర్వాత $పట్టు వేరియబుల్‌ని అన్‌సెట్ చేశామనుకోండి, అంటే తీసేశామనుకోండి. అప్పుడు జవాబు 1. అంటే మూడో లైన్‌లోని కాపీకి అర్థం ఏమిటో తేల్చేది ఆ లైన్ కాదు. దానితో సంబంధం లేని ఇంకో వేరియబుల్ ఆ క్షణానికి బతికి ఉందా లేదా అన్నది తేలుస్తుంది. ఈ $పట్టు అనేది ఒక ఆబ్జెక్ట్ లోపలి ప్రాపర్టీ అయితే, ఆ ఆబ్జెక్ట్ ఎంతకాలం బతుకుతుందో చూసి గానీ మీ కాపీ కాపీయో కాదో చెప్పలేరు.

క్లోన్ చేసినా, అంటే ఆబ్జెక్ట్‌కి నకలు తీసినా, ఇదే జరుగుతుంది. రిఫరెన్స్‌గా కట్టిన ప్రాపర్టీ ఉన్న ఆబ్జెక్ట్‌ని క్లోన్ చేస్తే, కొత్త ఆబ్జెక్ట్ కూడా పాత అర్రేకే కట్టుబడి ఉంటుంది. క్లోన్ చేసేదే విడిపోవడం కోసం, అది మాత్రం జరగదు. సీరియలైజ్ చేసి (దాచడానికి స్ట్రింగ్‌గా మార్చి) తిరిగి తెరిస్తే దీనికి పూర్తిగా విరుద్ధం, బయటి వేరియబుల్‌తో ఉన్న కట్టు తెగిపోయి ఉంటుంది. ఒకే క్లాస్ ఒక దారిలో వెళ్తే పంచుకుంటుంది, ఇంకో దారిలో వెళ్తే పంచుకోదు. అలాంటి క్లాస్‌ని ఏ భరోసాతో వాడాలి?

వెబ్ కోడ్‌లో ఇది ఎక్కువగా కనబడేది సెషన్ (ఒక విజిటర్ గురించి సర్వర్ గుర్తుంచుకునే డేటా) చుట్టూ. షాపింగ్ బుట్ట ఆబ్జెక్ట్‌కి సెషన్ అర్రేలోని బుట్ట భాగాన్ని రిఫరెన్స్‌గా ఇస్తారు. ఆబ్జెక్ట్‌లో వస్తువు చేర్చితే సెషన్‌లో దానంతట అదే సేవ్ అయిపోతుంది, అందుకే అందరికీ నచ్చుతుంది. కానీ సెషన్‌లో ఇంకా బుట్ట అనే కీ లేకపోతే, పారామీటర్‌కి టైప్ కూడా రాయకపోతే, రిఫరెన్స్‌గా ఇవ్వడమే ఆ కీని నల్ (ఏమీ లేదు అనే) విలువతో పుట్టిస్తుంది. హెచ్చరిక రాదు. బుట్ట తెరవని విజిటర్‌కి కూడా సెషన్‌లో బుట్ట ఉంటుంది. కీ ఉందా అని ఒక రకంగా అడిగితే ఉందంటుంది, ఇస్‌సెట్‌తో అడిగితే లేదంటుంది. ఇంకో పక్క, మధ్యలో ఎవరైనా సెషన్ అర్రేని ఖాళీ అర్రేతో మార్చేస్తే ఆబ్జెక్ట్ చేతిలో మిగిలేది ఎవరికీ చెందని పాత బుట్ట. ఆ తర్వాత అందులో ఎన్ని వస్తువులు చేర్చినా సెషన్‌కి చేరవు, ఏ ఎర్రర్ కూడా రాదు.

డేటాబేస్‌తో మాట్లాడే పీడీఓలో, క్వెరీలోని ఖాళీకి వేరియబుల్‌ని జోడించే బైండ్‌పారమ్ మెథడ్ కూడా ఈ కుటుంబానిదే. ఆ మెథడ్ వేరియబుల్‌ని రిఫరెన్స్‌గా తీసుకుని, స్టేట్‌మెంట్ ఆబ్జెక్ట్ లోపల దాచుకుంటుంది, ఎగ్జిక్యూట్ చేసినప్పుడు గానీ విలువ చూడదు. విలువల అర్రే మీద ఫర్‌ఈచ్ లూప్ తిప్పుతూ, లూప్ వేరియబుల్‌ని బైండ్‌పారమ్‌కి ఇస్తే పారామీటర్లన్నీ ఒకే వేరియబుల్‌కి కట్టుబడతాయి. ఎగ్జిక్యూట్ అయ్యే వేళకి అందులో ఉండేది ఆఖరి విలువ. ఆఖరి విలువ ఫోన్ నంబర్ అయితే, పేరు కాలమ్‌లోనూ ఊరు కాలమ్‌లోనూ ఫోన్ నంబరే పడుతుంది. బైండ్‌వాల్యూ వాడితే ఈ గొడవే లేదు, అది ఆ క్షణంలోని విలువని తీసుకుంటుంది. విలువని తిరిగి వేరియబుల్‌లో పెట్టే అవుట్ పారామీటర్లున్న స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే ఉండే ఫంక్షన్) లాంటి అరుదైన అవసరం ఉంటే తప్ప బైండ్‌పారమ్ జోలికి వెళ్లాల్సిన పని నాకెప్పుడూ కనబడలేదు.

"స్పీడ్ సంగతి వదిలేయండి, ఆబ్జెక్ట్ చేసే మార్పు బయట నాకు కనబడాలి, అందుకే & పెట్టాను" అనేవాళ్లు ఉన్నారు. ఇది నిజమైన అవసరం. దీన్ని నేను కొట్టిపారేయను. కానీ రెండు చోట్ల నుంచి మారే డేటాకి ఒక యజమాని ఉండాలి, ఆ యజమానికి ఒక పేరు ఉండాలి. ఆ అర్రేని ఒక ఆబ్జెక్ట్ లోపల పెట్టండి. బుట్ట అయితే బుట్ట క్లాస్, ఆర్డర్ల లిస్ట్ అయితే ఆర్డర్ల క్లాస్. దాన్ని కావలసిన ఇద్దరికీ ఇవ్వండి. పీహెచ్‌పీ 5 నుంచి ఆబ్జెక్టులు హ్యాండిల్‌గానే చేతులు మారతాయి కాబట్టి ఇద్దరూ చూసేది ఒక్కదాన్నే, ఎక్కడా & అక్కర్లేదు. ఇప్పుడు మార్పు జరిగే ప్రతి చోటా ఒక మెథడ్ పిలుపు కనబడుతుంది. చేర్చు అనే మెథడ్ ఎవరెవరు పిలుస్తున్నారో ఎడిటర్‌లో ఒక్క సెర్చ్‌తో తెలుస్తుంది. అందులో చెక్ పెట్టొచ్చు, లాగ్ రాయొచ్చు, డీబగ్గర్ ఆపొచ్చు. రిఫరెన్స్‌గా కట్టిన అర్రేలో రాసే మామూలు లైన్ మీద ఇవేవీ కుదరవు, ఎందుకంటే అది మామూలు లైన్‌లాగే ఉంటుంది.

మార్పు ఒక్కసారే జరిగేదైతే ఇంత కూడా అక్కర్లేదు. మెథడ్ కొత్త అర్రేని తిరిగిస్తే చాలు. పిలిచినవాళ్లు దాన్ని ఏ వేరియబుల్‌లో పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం. పైన చెప్పిన ఎగుమతి ఆబ్జెక్ట్‌కి చివరికి చేసింది అదే.

జావాస్క్రిప్ట్ భాషలో రాసేవాళ్లకి ఈ ఎంపిక లేదు. అక్కడ అర్రేలు ఆబ్జెక్టులే కాబట్టి ఎవరికిచ్చినా పంచుకున్నట్టే. గుర్తు పెట్టనక్కర్లేదు, తీసేద్దామన్నా ఉండదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్, ఆమెతో పనిచేసినవాళ్లు 1970లలో సీఎల్‌యూ భాష కోసం వాడిన కాల్ బై షేరింగ్ (పంచుకుంటూ ఇవ్వడం) అన్న పేరు దీనికి సరిగ్గా సరిపోతుంది. వేరియబుల్‌ని కొత్త అర్రేతో మార్చడం పిలవబడిన ఫంక్షన్‌కి సాధ్యం కాదు, ఉన్న అర్రే లోపల రాయడం మాత్రం సాధ్యమే. కాన్‌స్ట్ (మారదు) అని రాసినా లోపలి ఎలిమెంట్లు మారతాయి. ఫ్రీజ్ చేస్తే పై పొర మాత్రమే గడ్డకడుతుంది. నా వాదనకి బలం ఇచ్చేది ఏమిటంటే, ఆ భాష వాడేవాళ్లే క్రమంగా కాపీల వైపు నడిచారు. స్క్రీన్ గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్‌లో స్టేట్‌గా (స్క్రీన్ ఆధారపడే డేటాగా) ఉన్న అర్రేలోకి నేరుగా పుష్ చేసి, అదే అర్రేని మళ్లీ సెట్ చేస్తే స్క్రీన్ మారదు. పాతదీ కొత్తదీ ఒకటేనా అని మాత్రమే అది చూస్తుంది, ఒకటే కాబట్టి మళ్లీ గీయదు. జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో టుసార్టెడ్, టురివర్స్‌డ్, టుస్ప్లైస్‌డ్ చేరాయి. అసలు అర్రేని ముట్టుకోకుండా కొత్త అర్రేని ఇవ్వడమే వాటి పని. పీహెచ్‌పీ అర్రేలకి విలువ అనే గుణం పుట్టుకతో ఉంది. జావాస్క్రిప్ట్ వాళ్లు కష్టపడి తెచ్చుకుంటున్నదాన్ని మనం ఒక గుర్తు పెట్టి పారేసుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

రిఫరెన్స్ పూర్తిగా పనికిరానిదని నేను అనను. డేటాబేస్ నుంచి వచ్చిన వరుసల్ని తల్లి ఐడీ ప్రకారం చెట్టుగా కట్టేటప్పుడు, ప్రతి వరుసకీ రిఫరెన్స్ పట్టుకుని ఒకే లూప్‌లో మొత్తం అల్లేయొచ్చు. నాకు ఇష్టమైన కోడ్‌లలో అదొకటి. ఒక ఫంక్షన్ లోపల మొదలై అక్కడే ముగుస్తుంది, సహాయక అర్రే ఫంక్షన్‌తోపాటే పోతుంది, బయటికొచ్చేది మామూలు చెట్టు. పెద్ద అర్రేని తీసుకుని, మార్చి, తిరిగిచ్చే ఫంక్షన్‌లోనూ & వల్ల నిజమైన మేలుంటుంది. పిలిచినవాళ్ల వేరియబుల్ ఇంకా పాత అర్రేని పట్టుకుని ఉంటుంది కాబట్టి, & లేకపోతే మొదటి రాతకే కాపీ జరుగుతుంది. మెమరీ నిజంగా ఇబ్బంది పెడుతోందని కొలిచి చూసుకున్నాక అక్కడ & పెడితే నేను అడ్డు చెప్పను. ఫర్‌ఈచ్‌లో & వాడితే మాత్రం లూప్ కాగానే ఆ వేరియబుల్‌ని అన్‌సెట్ చేయండి. లేకపోతే అది ఆఖరి ఎలిమెంట్‌ని పట్టుకునే ఉంటుంది, అదే పేరుతో తర్వాత తిప్పే లూప్ ఆ ఎలిమెంట్‌ని చెరిపేస్తుంది.

పాత కోడ్‌లో ఈ & తీసేయాలనుకుంటే ఒక క్రమం పాటించండి. ఒకేసారి అన్ని చోట్లా తీసేస్తే, ఆ దొంగదారి మీద ఆధారపడిన పేజీలు మాట్లాడకుండా చెడిపోతాయి, ఎందుకంటే రిఫరెన్స్ పోయినప్పుడు కూడా ఎర్రర్ రాదు. నేను ఒక్కో క్లాస్ తీసుకుంటాను. ముందు ప్రాపర్టీలోకి రాసే మెథడ్‌లు ఏమిటో చూస్తాను. ఏవీ లేకపోతే ఆ & అలవాటుతో పెట్టిందే. కానీ తీసేసే ముందు, ఆబ్జెక్ట్ తయారైన తర్వాత బయటి కోడ్ ఆ అర్రేని మారుస్తోందా అని కూడా చూడాలి. చాలామంది ఈ రెండో వైపు మర్చిపోతారు. ఆబ్జెక్ట్ కట్టాక అర్రేని నింపే కోడ్ ఉంటే, ఆ రెండు పనుల వరస మార్చాలి. రాసే మెథడ్‌లు ఉంటే వాటి చేత కొత్త అర్రేని తిరిగి ఇప్పించి, పిలిచే చోట్లు ఒక్కొక్కటే సరిచేస్తాను. అంతా అయ్యాక, సర్వర్‌లో పీహెచ్‌పీ 8.1 గానీ ఆ పైది గానీ ఉంటే, ప్రాపర్టీకి టైప్ రాసి రీడ్‌ఓన్లీ (ఒకసారి పెట్టాక మారదు) పెడతాను. అర్రే విలువ కాబట్టి అక్కడ రీడ్‌ఓన్లీ అంటే దాని ఎలిమెంట్లు కూడా మారవు. రిఫరెన్స్ తీసుకోవడమూ కుదరదు. ఎక్కడో మిగిలిపోయిన రాత ఏదైనా ఉంటే టెస్టుల్లో ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో సహా ఎర్రర్‌గా బయటపడుతుంది. టెస్టులు లేని పేజీలని చేత్తో నొక్కి చూడాలి, ముఖ్యంగా ఎగుమతి, ప్రింట్ బటన్లని.